బెల్లుకు చుట్టిన గుడ్డ

"లారీ యాడ నిలిపినావు గోవిందప్పా?"

"చెప్తి కదమ్మా. కనుమ దిగినాక, మదనపల్లె పక్క, మూసిపెట్టిన టీ కొట్టు కాడ."

"ఎంతసేపు?"

"పన్నెండు నుంచి మూడు దాకా. ఎండకు టైరు పగిలిపోతాదని నిలిపేస్తి. లారీ కిందనే పండుకుంటి."

"పండుకోని ఉండగా చూసినోళ్లు ఎవరన్నా ఉండారా?"

గోవిందప్ప నవ్వబోయాడు. కింది పెదవి చిట్లి ఉండడంతో ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పండుకున్నోణ్ణి యాల చూస్తారమ్మా ఎవురైనా? చూడడానికి నేనేమన్నా పెండ్లికొడుకునా?"

నల్లబండపల్లె పోలీస్ స్టేషన్‌లో లాకప్ ఊచలకు అటువైపు గోవిందప్ప, ఇటువైపు రత్నమ్మ. మదనపల్లె లాయరుగారి చీటీ చూసి సెంట్రీ కాసేపు మాట్లాడనిచ్చాడు. గోవిందప్ప భార్య చిన్నమ్మ కుప్పం నుంచి బస్సు పట్టుకుని వచ్చి, లాయరుగారి అరుగు మీద కూర్చుని కదలనంటే కదలనంది. అందుకే రత్నమ్మ ఇక్కడికి వచ్చింది. లాయర్లకు కావలసిన నిజాలు వెతికి పెట్టడం ఆమె పని.

ఈ కేసులో నిజాలు తక్కువ, దెబ్బలు ఎక్కువ. నల్లబండపల్లెకే చెందిన ఖాదర్ వలి ఊళ్లల్లో పట్టుగూళ్లు కొని, మూట కట్టి, సైకిల్ మీద మదనపల్లెకు చేరవేసేవాడు. ఎప్పుడూ కనుమ పాతరోడ్డునే పోయేవాడు. కొత్తరోడ్డు పడి ఎనిమిదేళ్లయింది. బస్సులూ లారీలూ పాతరోడ్డును మరిచిపోయాయి. సైకిళ్లవాళ్లు మాత్రం మరువలేదు. ఆ రోడ్డులో రెండు సొరంగాలు దాటితే దారి సగానికి సగం తగ్గుతుంది. పోయిన శనివారం సాయంత్రం, రెండో సొరంగం అవతల, మదనపల్లె వైపు లోయలో ఖాదర్ వలి శవమూ సైకిలూ చిరిగిన గూళ్ల మూటా దొరికాయి. తల వెనక ఒకే ఒక దెబ్బ. పడితే తగిలిన దెబ్బ కాదు, కొడితే తగిలిన దెబ్బ అన్నాడు డాక్టరు.

అంతకు వారం ముందు సంతలో గోవిందప్పా ఖాదర్ వలీ గొంతులు పట్టుకున్నారు. గూళ్లు ఇకమీదట లారీలో పోవాలని ఒకడు, సైకిల్ మీదనే పోవాలని ఒకడు. "నీ సైకిల్ని నా టైరు కింద పెట్టకపోతే చూడు" అని గోవిందప్ప నలుగురూ వినేలా అరిచాడు. పోలీసులకు అది చాలింది.

"రేపు కోర్టుకు తీసకపోతారంట," అన్నాడు గోవిందప్ప. "ఏదో కాయితం రాసిపెట్టినారు. నిన్న వేలు ముద్ర వెయ్యనంటి. ఈ రాత్రి ఏమంటానో నాకే తెలీదమ్మా. ఇంక రెండు పడితే వేసేస్తాను. నన్ను నమ్ముకోవద్దు."

రత్నమ్మ తల ఊపింది. మామూలుగానే ఆమె మాటలు తక్కువ మనిషి.

వెనక బూట్ల చప్పుడయింది.

"ఏం రత్నమ్మా! బయట ఆడోళ్ల సైకిలు నీదేనా?"

ఇన్‌స్పెక్టర్ చెంగల్రాయుడు. ఆరేళ్ల కిందట రత్నమ్మ ఒక సబ్‌జైల్లో ఆడ వార్డరుగా ఉన్నప్పుడు, ఈయన స్టేషన్ నుంచి వచ్చిన ఒక ఆడ ఖైదీ వీపు మీద వాతలు లెక్కపెట్టి, ఉన్నది ఉన్నట్టు కోర్టులో చెప్పింది. ఆ తర్వాత ఆయనకు ప్రమోషన్ వచ్చింది. ఆమెకు ఉద్యోగం పోయింది.

"అద్దె సైకిల్ సార్. పుంగనూరులో బస్సు దిగి తీసుకున్నా."

"ఆడమనిషి సైకిల్ తొక్కడమే ఒక వింత. దాని మీద డిటెక్టివ్ పని కూడానా! సర్కస్సోళ్లు చూస్తే వదలరు నిన్ను."

కానిస్టేబుళ్లు నవ్వారు. రత్నమ్మ ఆ నవ్వు అయిపోయేదాకా ఆగింది.

"ఖాదర్ వలి సైకిల్ చూడవచ్చునా సార్?"

"చూసుకో. తొక్కుకుంటా పోవద్దు, అంతే."

సైకిలు పెరట్లో గోడకు ఆనించి ఉంది. ముందు చక్రం వంకరపోయింది, హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోయింది. రత్నమ్మ చూపు బెల్లు దగ్గర ఆగింది. దానికి ఆకుపచ్చ గళ్ల గుడ్డ ముక్క రెండు చుట్లు చుట్టి, కొసను మీట కిందికి దోపి ఉంది. అంత ఎత్తు నుంచి పడినా ఊడలేదు.

"ఈ గుడ్డ ఏంది సార్?"

"బెల్లు పగిలింటాది. చుట్టుకున్యాడు."

రత్నమ్మ గుడ్డ పైకి జరిపి మీట నొక్కింది. ట్రింగుమని పెరడంతా మోగింది.

"బాగుండాదే సార్ బెల్లు."

చెంగల్రాయుడి మొహం ఒక్క క్షణం మాడింది. "అయితే గుడ్డను రేపు బోనెక్కిస్తాం. సాక్ష్యం చెప్తాది."

"మీరు ఆ సొరంగంలోకి పోయి చూసినారా?"

"యాల పోవల్ల? శవాన్ని మదనపల్లె పక్క నుంచి పైకి తీస్తిమి. గోవిందప్ప ఆ పక్కనే కాసుకోని ఉండాడు. సొరంగంలో నుంచి ఖాదర్ వలి బయటికి వస్తానే వెనక నుంచి ఒక్కటి ఇచ్చినాడు. లోయలోకి తోసినాడు. ఇంక సొరంగంతో పనేముంది?"

"ఒక్కసారి నడిచి చూడండి సార్."

"నేను నడవను. నాకు బుల్లెట్ బండి ఉండాది. నువ్వు ఏం తవ్వుతావో తవ్వు, వెనకాలే వచ్చి చూస్తా."

పోయే ముందు రత్నమ్మ లాకప్ దగ్గర మళ్లీ ఆగింది. "గోవిందప్పా, సైకిల్ బెల్లుకు గుడ్డ యాల కడతారు?"

గోవిందప్ప తెల్లబోయాడు. "బెల్లుకా? దానికేమన్నా చలేస్తాదా అమ్మా?"

రత్నమ్మకూ తెలియదు. కానీ ఎవరికి తెలుస్తుందో తెలుసు.

ఖాదర్ వలి ఇల్లు నాలుగు వీధుల అవతల. ముందు గదికీ లోపలి గదికీ మధ్య తెర వేలాడుతోంది. ఇద్దత్ రోజులు, భర్త పోయిన మనిషి పరాయి మగవాళ్ల ముందుకు రాదు. ఇన్‌స్పెక్టరు ఈ తెరకు ఇవతలే నిలబడి, చనిపోయినవాడి తమ్ముడు అలావుద్దీన్ చెప్పింది రాసుకుని వెళ్లిపోయాడని వీధిలో ఎవరో చెప్పారు. రత్నమ్మ తెర తొలగించి లోపలికి వెళ్లింది. ఆడమనిషి డిటెక్టివ్ పనిని సర్కస్సుగా చూసిన చెంగల్రాయుడికి ఈ నాలుగడుగులు జన్మలో దొరకవు.

ఖాదర్ వలి భార్య మెహరున్నీసా చాప మీద కూర్చుని ఉంది. ముప్పై అయిదు దాటవు, చేతులు మాత్రం ముసలివి. ఎడమ చేతి చిటికెనవేలు పక్కకు వంగి అతుక్కుంది.

"బెల్లుకు గుడ్డా?" అంది మెల్లిగా. "రెండో సొరంగం కోసమమ్మా. లోపల పైన పెద్ద తేనెటీగలు తుట్టెలు పెట్టుకోని ఉండాయి, ఒకటి కాదు రెండు కాదు. చప్పుడైతే లేస్తాయి. ఒక ఎద్దును చంపినాయి ఒకసారి. అందుకే సైకిలోళ్లు సొరంగం ముందర దిగి, బెల్లు మూసి, నోరు మూసుకోని తోసుకుంటా పోతారు. మా ఊర్లో చిన్న పిల్లోళ్లకు కూడా తెలుసు."

"ఖాదర్ వలి కూడా గుడ్డ కట్టేవాడా?"

"గుడ్డ కాదు. ఆయనకు నేనే టోపీ కుట్టిస్తి, నా పాత బురఖా ముక్కతో. బెల్లు మీద తొడిగితే చాలు. పోలీసోళ్లు సీటు సంచి తిరిగి ఇచ్చేసినారు, చూడు."

ఆమె గూట్లోంచి తోలు సంచి తీసి ఇచ్చింది. లోపల పానా, పంక్చరు అతుకులు, అడుగున నాలుగు మడతలు పెట్టిన నల్లగుడ్డ టోపీ. మడతల మీద దుమ్మయినా చెదరలేదు.

రత్నమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. టోపీ సంచిలోనే ఉంది. అంటే ఖాదర్ వలి ప్రాణంతో రెండో సొరంగం దాకా పోలేదు. అయినా అతని సైకిలు సొరంగం దాటింది, బెల్లు కట్టుకుని మరీ దాటింది. తోసినవాళ్లెవరో తోసేముందు గుడ్డ చుట్టారు. అవతల లోయలోకి పడేసేటప్పుడు విప్పడం మరిచిపోయారు. అలవాటు చేతులది, మరుపు భయానిది. కుప్పం లారీ డ్రైవరుకు ఆ అలవాటే లేదు.

ఆమె టోపీ మీంచి తల ఎత్తింది. ఎదురుగా గోడవార పెట్టిన దిండు గలేబు ఆకుపచ్చ గళ్లది.

"ఆ గలేబు..."

"ఆయన పాత లుంగీ. చించి ఇంటికంతా వాడుకుంటిమి."

అప్పుడే ఒక అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. పదహారేళ్లుంటాయి. తల ఎత్తలేదు. రత్నమ్మ ముందు వంగి పెడుతుంటే గ్లాసు చెయ్యి జారి నేల మీద ఖణేల్మంది. తల్లీ కూతురూ ఇద్దరూ ఉన్నచోటనే బిగుసుకుపోయి, వీధి వాకిలి వైపు చూశారు. ఎవరూ రాలేదు. ఇక రారు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టు భుజాలు దిగాయి.

"ఖుర్షీదా, తుడువమ్మా," అంది మెహరున్నీసా. తర్వాత, రత్నమ్మతో కాదన్నట్టుగా, గోడతో: "ఇంట్లో చప్పుడు చెయ్యడం ఇంకా నేర్చుకోవల్ల మేము."

ఖుర్షీదా తుడవడానికి వంగినప్పుడు పావడా కాస్త పైకి జరిగింది. పిక్క మీద వరసగా గీసుకుపోయిన గాట్లు, పక్కు కట్టి ఉన్నాయి. రత్నమ్మ చూడగానే అమ్మాయి పావడా కిందికి లాక్కుంది.

ఆ గాట్లు రత్నమ్మకు తెలుసు. ఉద్యోగం పోయిన ఏడాది, ముప్పై ఆరో ఏట సైకిల్ నేర్చుకుంటున్నప్పుడు, ఆమె పిక్కల మీద కూడా అవే ఉండేవి.

వాకిట్లో అలావుద్దీన్ సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ల సన్నటి మనిషి. ఆమె పాతరోడ్డుకు దారి అడిగింది. "పాతరోడ్డుకు ఒంటిగా పోవద్దమ్మా. నేను తోలుకపోతా," అన్నాడు. కాదంటే అనుమానం పడతాడు. రత్నమ్మ సరేనంది.

మొదటి సొరంగం పొట్టిది. తేనెటీగలు లేవు. ఇద్దరూ తొక్కుకుంటూనే దాటారు. దాటాక రోడ్డు చదునుగా ఉంది. తారు లేచిపోయి, ఒక పక్క కొండ, ఒక పక్క పిట్టగోడ. ఇక్కడ ఎవరున్నా కిందికి కనిపించరు.

రత్నమ్మ దిగింది. కొండచరియ కింద నీడలో మెత్తటి దుమ్ము పేరుకుని ఉంది. గాలి తగలని చోటు కాబట్టి గుర్తులు చెరగలేదు. సైకిల్ చక్రాల జాడలు గుండ్రంగా తిరిగి తిరిగి ఉన్నాయి. నేరుగా పోవడం చేతకాని జాడలు. అటు వాలి, ఇటు వాలి, ఎక్కడ పడబోతే అక్కడ కాలివేళ్లు ఈడ్చిన గీత. చిన్న పాదం. చెప్పులు లేవు.

పిట్టగోడ వైపు ఎండుటాకులు కుప్పగా ఎగదోసి ఉన్నాయి. ఒకేచోట అన్ని ఆకులు గాలి పోగేయదు. కాలితో జరిపింది. నలిగిన పట్టుగూళ్లు, పసుపుపచ్చగా, చీమలు పట్టి. వాటి కింద రాయి. రాయికి ఒక అంచు నల్లబడింది.

ఇంతవరకూ దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూ వచ్చిన అలావుద్దీన్ నోరు మూతపడింది.

"పద, రెండోది చూపించు," అంది రత్నమ్మ.

రెండో సొరంగం ముందు అతను ఆగాడు. జేబులోంచి గుడ్డ తీసి బెల్లుకు కట్టాడు. ఏళ్ల తరబడి నూనెకూ దుమ్ముకూ నల్లబడిన పాత తువ్వాలు ముక్క. కొస దోపలేదు, ముడి వేశాడు. రత్నమ్మ తన చేతిరుమాలు కట్టుకుంది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. కళ్లు అలవాటు పడ్డాక పైకప్పు కనిపించింది. రాతికి వేలాడదీసిన నల్లటి దుప్పట్లలా తుట్టెలు. వాటి మీద సన్నటి అల కదిలిపోతోంది. నడిమధ్యకు వచ్చాక రత్నమ్మ నిలబడింది. ఇక్కడ అరవడానికి అతనికీ వీల్లేదు, ఆమెకూ వీల్లేదు. నిజం అడగడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

"నీ గుడ్డ నీ కాడనే ఉండాది అలావుద్దీన్," అంది గుసగుసగా. "మీయన్న సైకిల్‌కు చుట్టింది ఎవరు?"

అతను సైకిల్ ముందుకు తోయబోయాడు. ఆమె క్యారియర్ పట్టుకుని ఆపింది.

"శవం ఒక సైకిల్ మీద వచ్చింది. నీ సైకిల్ మీద, గూళ్ల మూట మాదిరి. మీయన్న సైకిల్ ఇంకొకరు తోసినారు. రెండు సైకిళ్లు ఒక మనిషి తోయలేడు."

"రెండుసార్లు తిరిగితి."

"అట్లయితే రెండుసార్లూ నీ గుడ్డే కడతావు. ముడి వేస్తావు. ఆ గుడ్డకు ముడి లేదు."

అతను గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

"నేనే చంపితి," అన్నాడు చివరికి. "రాసుకో. నేనే."

"ఖుర్షీదాకు సైకిల్ ఎవరు నేర్పిస్తాండారు?"

ఆ పేరు వినగానే అలావుద్దీన్ హ్యాండిల్ మీద తల వాల్చాడు. తేనెటీగలు వినకూడదన్నట్టు, అంత మెల్లిగా ఏడ్చాడు.

"ఊర్లో తొక్కితే ఊరుకుంటారా అమ్మా? ఈ రోడ్డు మీద అడిగేవాళ్లు లేరు. కడ్డీ సందులో నుంచి కాలు దూర్చి తొక్కుతా నేర్చుకునె. ఆ పొద్దు సీటు ఎక్కింది మొట్టమొదటిసారి. నవ్వింది. దాని నవ్వు ఎట్లుంటాదో నాకే తెలీదు అంతవరకూ. అప్పుడే మాయన్న మొదటి సొరంగంలో నుంచి వచ్చినాడు. వాళ్లమ్మను కొట్టినట్టే కొట్టె, సైకిల్ పంపు తీసుకోని. నేను అడ్డం పోతి, నన్నూ కొట్టె. దాన్ని కింద పడేసి గొంతు మీద మోకాలు పెట్టి, నన్ను తిడతా నా పక్కకు తల తిప్పినాడు. దాని చేతికి రాయి దొరికింది. నా చేతికి దొరకాల్సిన రాయి అది. నేను చూస్తా నిలబడితి. ఇన్నేళ్లూ చూస్తానే నిలబడితి."

"అవతలికి తెచ్చింది గోవిందప్ప మీదికి పోనీ అనేనా?"

"లారీ ఆడ నిలిచింటాదని తెలుసు."

రత్నమ్మకు కోపం వచ్చింది. "ఆయప్పకూ ఒక పెండ్లాముంది. కుప్పం నుంచి వచ్చి లాయరు అరుగు మీద కూర్చోని ఉండాది, తిండి లేకుండా. ఈ రాత్రికి ఆయప్ప వేలు ముద్ర వేస్తాడు."

"అందుకే అంటాండా, నా పేరు చెప్పు. నేను వచ్చి ఒప్పుకుంటా. గుడ్డ మాట ఎత్తవద్దు. గుడ్డ అర్థం తెలిసింది నీకొక్కదానికే."

ఆరేళ్ల కిందట కూడా వాతలు చూసింది ఆమె ఒక్కతే. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప మరొకటి చేతకాని మనిషినని అప్పటినుంచి ఆమె తనను తాను నమ్ముకుంటూ వచ్చింది. ఒకవైపు గోవిందప్ప చిట్లిన పెదవి. ఇంకోవైపు పావడా కిందికి లాక్కున్న ఆ చెయ్యి. మధ్యలో, చెయ్యని నేరానికి మెడ చాపి నిలబడిన ఈ పిల్లవాడు. ఇతని మాట పట్టుకుపోతే గోవిందప్ప బయటికి వస్తాడు. కానీ అది నిజం కాదు.

"అలావుద్దీన్," అని నోరు తెరిచింది.

దూరంగా, తాము వచ్చిన వైపు నుంచి, డబ్ డబ్ డబ్ మని శబ్దం. మొదటి సొరంగంలో పడి అది నాలుగింతలైంది. మళ్లీ బయటికి వచ్చింది. దగ్గరవుతోంది.

బుల్లెట్.

పైకప్పు మీద నల్లటి దుప్పట్లలో అల ఆగిపోయింది. తర్వాత అన్నీ ఒక్కసారిగా వణికాయి.

అలావుద్దీన్ క్యారియర్ మీది గోనెపట్టా లాగి రత్నమ్మ మీద కప్పి, ఆమెను గోడలోని గూట్లోకి నెట్టాడు. "కదలవద్దు. వేలు కూడా బయట పెట్టొద్దు."

"నువ్వు?"

"ఇన్‌స్పెక్టరుకు తేనెటీగల సంగతి తెలీదు కదమ్మా!"

గోనె సందులోంచి ఆమెకు సొరంగం నోరు కనిపిస్తోంది, తెల్లగా, గుండ్రంగా. అలావుద్దీన్ సైకిల్ వదిలేసి అటు పరుగెత్తుతున్నాడు. రేపు తనను కోర్టుకు ఈడ్చబోయే మనిషి వైపు, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, కేక వేయడానికి వీల్లేక నోరు గట్టిగా మూసుకుని. వెలుతురులో మోటారుసైకిల్ నీడ నిలబడింది. చెంగల్రాయుడికి ఎదురుగా చీకట్లోంచి ఎవడో చేతులూపుకుంటూ మీదికి వస్తున్నాడు, అంతే కనిపించింది.

దారి వదలమని గట్టిగా హారన్ కొట్టాడు.